నా కాళ్లతో వాళ్ల మొక్కులు

మీలో ఎవరికైనా గుండెనొప్పి వస్తే ముందు ఆసుపత్రికి పరుగెత్తండి. సోడా తాగొద్దు, వాము నమలొద్దు, గ్యాసేలే అనుకుని దుప్పటి కప్పుకోవద్దు. ఇది అందరూ చెప్పేదే. నేను చెప్పదలుచుకున్నది రెండో మాట. మిమ్మల్ని లోపలికి తీసుకుపోయే ముందు, బయట కూర్చోబోయే మీవాళ్లను పిలిచి గట్టిగా చెప్పండి. భయమేస్తే ఏడవండి, కాఫీ తాగండి, ఒకరినొకరు తిట్టుకోండి, అంతేగానీ నా తరఫున దేవుడికి మాట ఇవ్వొద్దు అని. నేను చెప్పలేదు. దాని ఫలం మామిడి పూత నాటి నుంచి కాయలు కోసేదాకా అనుభవించాను.

నా పేరు చెంగల్రాయుడు. చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో కండక్టర్ని. ఇల్లు దారిలోనే, పూతలపట్టులో. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, నా భార్య సుజాత, మా అమ్మ. మనుషుల గురించి పెద్దపెద్దవాళ్లు ఏవేవో చెబుతారు గానీ, నిండిన బస్సులో నిలబడి టికెట్లు కొట్టినవాడికి తెలిసినంత ఎవరికీ తెలియదని నా నమ్మకం. ఎక్కాల్సినవాడు బస్సు బయట ఉన్నంతసేపు "లోపల బోలెడు చోటుండాది, జరగమనప్పా" అంటాడు. కాలు లోపల పెట్టాడో లేదో, "ఇంకా యాడ ఎక్కిస్తావు, మేం మనుషులం కాదా" అంటాడు. ఒకే మనిషి, ఒకే నోరు. మనుషుల సంగతి నాకు పూర్తిగా తెలిసిపోయిందని అనుకుంటూ ఉండేవాణ్ణి. మా ఇంటివాళ్ల సంగతి మాత్రం తెలియలేదు.

మాఘమాసంలో, తోటలన్నీ పూత మీద ఉన్నప్పుడు జబ్బు వచ్చింది. తిరుపతి ఇంకా కొంత దూరం ఉందనగా ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అయింది. పొద్దున తిన్న వడల మీదికి తోశాను. ఒకాయన సోడా తాగమన్నాడు, ఇంకొకాయన వీపు మీద గుద్దితే తేన్పు వస్తుందని గుద్దాడు కూడా. చెమట కారి చొక్కా తడిసిపోయాక డ్రైవరు అద్దంలో నన్ను చూసి ఇంకెవరినీ ఏమీ అడగలేదు. బస్సును బస్టాండుకు కాకుండా నేరుగా ఆసుపత్రి గేటు దగ్గరికి తోలాడు. పూలు అమ్ముకోవడానికి పోతున్న ఒకావిడ దారంతా కొంగుతో నాకు విసిరింది. ఆమె పేరేమిటో తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. దారి మళ్లించినందుకు బస్సు నిండా ఉన్న జనంలో ఎవరూ పెదవి విప్పలేదు, ఒక్కడు తప్ప. నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే ఆ మహానుభావుడు వంగి, "కండక్టరూ, ఈడ నించి బస్టాండు ఎంత దూరం?" అని అడిగాడు. నోరు పెగిలితే ఆ రోజు వాణ్ణి వదిలేవాణ్ణి కాదు.

స్టెంటు వేశారు. లోపలి సంగతులు చెప్పను. గుర్తున్నవల్లా చలి, యంత్రాల శబ్దం, పక్క మంచం మీది పెద్దాయన ఊరికే ఎవరినో పిలుస్తూ ఉండటం. చచ్చిపోతానేమోనని భయపడ్డాను. మామూలు భయం కాదు, చిన్నపిల్లాడిలా అమ్మా అమ్మా అనుకున్నాను. ఈ మాట సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఆ అమ్మే బయట కూర్చుని నా కాళ్లను బేరం పెడుతోందని నాకప్పుడు తెలియదు.

ఇంటికి పొమ్మన్న రోజు నా బామ్మర్ది మునిరత్నం కారు తెచ్చాడు. ఇద్దరు పట్టుకుని ఎక్కిస్తే గానీ నేను కారెక్కలేకపోయాను. కారు కదిలిందో లేదో అమ్మ, "మునిరత్నం, అలిపిరి కాడికి పోనీ, ఒక దండం పెట్టుకోని పోదాం" అంది. సరే, దండమే కదా అనుకున్నాను. మెట్ల దారి ముందు కారు ఆగింది. అమ్మ చేతులు జోడించి కళ్లు మూసుకుంది, కళ్లు తెరిచి నా వైపు తిరిగింది.

"రేయ్ చెంగా, ఆ మెట్లు సూస్తాండావా? ఈడ నించి పైదాకా నడిచి ఎక్కతావని, ఆడ గుండు కొట్టించుకుంటావని మొక్కుకున్నా నాయనా. అందుకే స్వామి నిన్ను నాకు ఇచ్చినాడు."

"నేనెక్కతానని నువ్వెట్లా మొక్కుకుంటావమ్మా? నన్నడిగినావా?"

"నిన్నెట్ల అడిగేది? నువ్వు లోపల పడుకోనుంటివి గదా."

ఆ రోజు ఆసుపత్రిలో పసుపు బట్ట దొరక్క, చీర కొంగులోనే రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టిందట. ఆ ముడి పైకెత్తి చూపించింది కూడా, ఏదో నాకు మెడల్ వచ్చినట్టు.

ముందు సీట్లో మునిరత్నం గొంతు సవరించుకున్నాడు. "బావా, కోప్పడొద్దు. నేను గూడా ఒకటి మొక్కుకున్నా. తడిబట్టల్తో అంగప్రదక్షిణం."

"మంచిది. పొర్లిరా పో."

"నేను గాదు బావా. నువ్వు."

నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. కోపం రాకూడదని డాక్టరు చెప్పి గంట కూడా కాలేదు. అరే, ముగ్గురు కూర్చున్నారే బయట! తన బీడీ తాను మానేస్తానని వీడు మొక్కుకోవచ్చు కదా! అత్తగారితో పేచీ పెట్టుకోనని నా పెళ్లాం మొక్కుకోవచ్చు కదా! అందరి చేతికీ దొరికింది నా ఒళ్లేనా? సుజాత వైపు తిరిగి, "నువ్వేం మొక్కుకున్నావో అది కూడా చెప్పేయ్" అన్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీరు కోపం మానేస్తారని" అంది.

మూడింటిలో అదే కష్టమైనది.

తర్వాతి రోజులు పలకరింపులతో గడిచాయి. గుండెజబ్బు కంటే దాని మీద వచ్చే జ్ఞానం ఎక్కువ ఆయాసం తెప్పిస్తుంది. ఒకరు వెల్లుల్లి అన్నారు, ఒకరు కొర్రలు అన్నారు, ఒకరు ఎడమవైపు పడుకోవద్దన్నారు, ఇంకొకరు ఎడమవైపే పడుకోమన్నారు. ఒక దూరపు బంధువు వచ్చి నా మంచం పక్కన కూర్చుని, "అంతా మనసులో ఉండాదప్పా, మనసు నిమ్మళంగా పెట్టుకుంటే ఏ రోగమూ రాదు" అని అరగంట చెప్పాడు. మధ్యలో ఫోన్ మోగింది. తోట గట్టు గురించి సొంత తమ్ముడితో, మా పెంకులు ఎగిరిపోయేలా అరిచాడు. ఫోన్ పెట్టేసి, "యాడుంటిమి? ఆ, నిమ్మళం" అన్నాడు. సుజాత కాఫీ గ్లాసు అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

ఉగాది అయ్యాక పరీక్షకు పోయినప్పుడు మెట్ల సంగతి డాక్టరమ్మను అడిగాను. "ఇప్పుడా? కొండా?" అని ఆమె నవ్వింది, తర్వాత నవ్వు ఆపి సూటిగా చెప్పింది. ఇంటి ముందు సమంగా ఉన్న రోడ్డు మీద నడవాలి, రోజూ కొంచెం పెంచాలి, ఎత్తుల జోలికి పోకూడదు, ఎప్పుడు పోవచ్చో తానే చెబుతుంది. ఇంటికొచ్చి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. గొడవ పడుతుందనుకున్నాను. "సరే" అంది. అంతే. మా అమ్మ నోట అంత సులభంగా సరే అనే మాట రావడం చూసి నేను సంతోషించాను. మనుషుల సంగతి తెలిసినవాణ్ణి కదా!

కొన్నాళ్లకు ఒక పొద్దున సుజాత వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మీకేమన్నా తెలుసా? మీ అమ్మ సంగటి ముట్టి ఎన్నాళ్లయిందో?"

"నాతో ఇప్పుడే తింటి అనింది."

"నాతోనూ అదే అంటాండాది. కుండలో పెట్టింది పెట్టినట్టే ఉండాది. మజ్జిగ, ఒక అరటిపండు, అంతే. షుగర్ బిళ్ల మాత్రం మింగతాండాది."

అప్పుడు చూశాను అమ్మను. రోజూ చూస్తూనే ఉన్నాను గానీ, చూడటం అంటే అప్పుడే. మెడ కింద ఎముకలు తేలాయి, గాజులు మోచేతి దాకా పోతున్నాయి. నా మందులు, నా నడక, నా ఛాతీ, నా కోపం, ఇవే లోకమై కూర్చున్న ఇంట్లో ముసలావిడ ఎట్లా చిక్కిపోయిందో ఎవరికీ కనపడలేదు. పిలిచి అడిగాను. ముందు బుకాయించింది. తర్వాత ఒప్పుకుంది. నేను కొండెక్కేదాకా సంగటి, అన్నం ముట్టనని ఆ ముడుపు కట్టినప్పుడే అనుకుందట.

"నీకేమన్నా పిచ్చా అమ్మా? నా కాళ్లు ఇచ్చింది సాలక ఇదొకటా? ఇయ్యాలనుకుంటే నీ కాళ్లే ఇయ్యకపోయినావా?"

"నా కాళ్లా?" అని అమ్మ తన మోకాళ్ల వైపు చూసుకుంది. "లేసేదానికి గోడ పట్టుకోవాల. ఈ కాళ్లు దేవుడికేం పనికొస్తాయిరా? ఆ పొద్దు నా కాడ ఏముండాదో అని ఎతికినా. ఏమీ కనపడలే. ఉండేది నువ్వొకడివి. నిన్నే ఇస్తి. మళ్లా, ఊరికే కొడుకుని ఇస్తే బాగుండదని, నేను తినే ముద్ద ఇస్తి."

నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ చిరాకొచ్చింది. ఇంత ప్రేమ చూపించమని ఎవరడిగారు?

బతిమాలాను, కసిరాను, ఒట్టు వేయించుకోబోయాను. కదల్లేదు. మునిరత్నం ఒక ఉపాయం తెచ్చాడు. కొండపైకి బస్సులో పోయి, చివరి మెట్టు మీద నన్ను నిలబెట్టి ఫోటో తీస్తాడట. నడిచే ఎక్కానని అమ్మకు చూపిస్తే సరిపోతుందట. "ముసలామెకు తెలీదు బావా" అన్నాడు. అమ్మకు తెలియకపోవచ్చు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి టికెట్ లేకుండా ఎక్కినవాళ్లను నడిరోడ్డు మీద దింపుతూ వచ్చిన మనిషిని. దేవుడి దగ్గరికి నేనే టికెట్ లేకుండా పోవాలా? కుదరదన్నాను. "నీ నీతి తగలెయ్య" అన్నాడు గానీ, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక మిగిలింది నిజంగా ఎక్కడమే. ఎవరికీ చెప్పకుండా, మా ఊరి పక్కన చెరకు తోటల వైపు పోయే ఎత్తు బాట పట్టాను, ఎంతవరకు పోగలనో చూద్దామని. సగం కూడా పోలేదు. ఊపిరి అందలేదు, ఎడమ చెయ్యి బరువెక్కింది, బస్సులో పట్టిన చెమటే మళ్లీ పట్టింది. కల్వర్టు మీద కూలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. ఇక్కడ పోతే అమ్మ మొక్కు వల్లే పోయాడంటారు, ఆ మాట విని అమ్మ ఒక్కరోజు కూడా బతకదు అని మాత్రం అనిపించింది. కాసేపటికి నొప్పి సర్దుకుంది. నన్ను వెతుక్కుంటూ సుజాత వచ్చింది. ముఖం చూసి అంతా గ్రహించింది. చెయ్యి పట్టుకుని లేపుతుందనుకున్నాను, పక్కన కూర్చుంది.

"మీ అమ్మేమో మీ కాళ్లు ఇచ్చేసింది. మీరేమో మీ అమ్మ కోసరం గుండె ఇచ్చేస్తాండారు. బానే ఉండాది. నాకేం మిగిలిస్తారు ఇద్దరూ కలిసి?"

మెల్లగా ఇంటికి నడిచాం. అందరూ ఇచ్చేవాళ్లే, ఏది ఇస్తే ఎవరికి నష్టమో చూసేవాళ్లు ఎవరూ లేరు. త్యాగం అనే మాట వినగానే కళ్లనీళ్లు పెట్టుకోవడం మనకు అలవాటు. ఒకే ఇంట్లో ముగ్గురు త్యాగాలు మొదలుపెడితే ఎంత నరకమో నన్నడగండి.

కాయల కాలం వచ్చింది. రోడ్డంతా తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు. ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలు తీస్తూ పడిపోయింది. పిలిస్తే పలకలేదు, ఒళ్లు చల్లబడింది. మునిరత్నం కారులో చిత్తూరుకు బయలుదేరాం. జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు బారులు తీరి దారి మూసేశాయి. మునిరత్నం హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. సుజాత కారు దిగి, రోడ్డు మీద చేతులెత్తి అరుచుకుంటూ ముందుకు పరుగెత్తింది. ఎండలో గంటలు గంటలు కాచుకున్న ఆ ట్రాక్టర్ల వాళ్లు తమ వరస పోతుందని తెలిసి కూడా, ఒక్కొక్కరుగా బండ్లను మట్టి మీదికి దించారు. ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చి, "పోండి సామీ, బాగయితాది" అన్నాడు. బస్టాండు దూరం అడిగినవాడూ మనిషే, ఈయనా మనిషే. మనుషుల సంగతి నాకు తెలుసునని అనడం ఆ రోజుతో మానుకున్నాను.

అమ్మను లోపలికి తీసుకుపోయారు. తలుపు మూశారు. నేను బయట కుర్చీలో కూర్చున్నాను.

ఎన్ని ప్రగల్భాలు పలికినా, ఆ తలుపు మూసుకున్నాక మనిషి చేతిలో ఏమీ ఉండదు. డాక్టర్ని కాదు లోపలికి పోవడానికి. అమ్మ ఊపిరి నా ఊపిరితో కలిపి పీల్చలేను. ఏదో ఒకటి చేయాలి, ఏదో ఒకటి ఇవ్వాలి. వెతుక్కున్నాను. నా కాళ్లు ముందే పోయాయి, అమ్మ ఇచ్చేసింది. గుండు కూడా ఇచ్చేసింది. కోపం సుజాత ఇచ్చేసింది. నాదంటూ ఇవ్వడానికి ఏదీ మిగల్లేదు. మొక్కులంటేనే మండిపడేవాణ్ణి, నా పెదవులు వాటంతట అవే కదిలాయి. స్వామీ, మాయమ్మ కళ్లు తెరిస్తే కడుపు నిండా సంగటి తినిపిస్తా. ఆమె చేత తినిపించే తీరతా. ఇది నా మొక్కు.

అనుకున్నాక గానీ అర్థం కాలేదు నేనేం చేశానో. అడక్కుండా మా అమ్మ నోటిని, కడుపును దేవుడికి రాసిచ్చేశాను. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది, ఆ కారిడార్లో అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాను. సుజాత నా చెయ్యి పట్టుకుంది.

షుగర్ బాగా పడిపోయిందట. గ్లూకోజు ఎక్కించారు. తినకుండా ఆ బిళ్ల మింగితే ఈసారి దక్కదని ఖచ్చితంగా చెప్పారు. సాయంత్రానికి కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. సుజాత ఇంటికి పోయి సంగటి, చెనిక్కాయ ఊరిబిండి పచ్చడి తెచ్చింది. అమ్మ గిన్నె చూసి మొహం తిప్పుకుంది.

"అమ్మా, నేనొకటి మొక్కుకున్నా" అన్నాను.

మొహం ఇటు తిరిగింది. "ఏమని?"

"నువ్వు కళ్లు తెరిస్తే కడుపు నిండా సంగటి తింటావని."

"నన్నడక్కుండా ఎట్లా మొక్కుకుంటివిరా?"

"నిన్నెట్ల అడిగేది? నువ్వు లోపల పడుకోనుంటివి గదా."

సుజాత చప్పున అటు తిరిగి గిన్నె మూత సర్దడం మొదలుపెట్టింది. మా అమ్మకు అబద్ధం వెంటనే తెలిసిపోతుంది. ఇది అబద్ధం కాదని కూడా తెలిసిపోయింది.

"నిజంగా మొక్కుకున్నావా? దేవుడి కాడ గూడా నాతో పేచీనేనా నీకు?"

"నిజంగానే అమ్మా. నువ్వు తినకపోతే ఆ తప్పు నాకే తగుల్తాది. నీ ఇష్టం."

ఆ మాటకు మా అమ్మ కళ్లు చెమర్చాయి. నాకు ఏదైనా తగులుతుందంటే తట్టుకోలేని మనిషి. పైకప్పు వైపు చూసి, ఎదురింటామెతో మాట్లాడినంత మామూలుగా స్వామితో మాట్లాడింది. "ఇన్నావా సామీ? నేను మాట తప్పలే. కొడుకు అడ్డమొచ్చినాడు. మీరూ మీరూ సూసుకోండి." నోరు తెరిచింది. చిన్న ముద్ద చేసి పెట్టాను. నమిలే ఓపిక కూడా లేక మెల్లగా మింగింది. రెండో ముద్దకు, "కారం ఎక్కువేసినావే" అని కోడల్ని కసిరింది. ఆ కసురు విన్నాక మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

వానలు మొదలయ్యాయి. అమ్మ గాజులు మళ్లీ మణికట్టు దగ్గరికి దిగాయి. నేను డ్యూటీలో చేరాను. కొండ ఇంకా ఎక్కలేదు. దీపావళి తర్వాత పరీక్షలు చేసి చెబుతానంది డాక్టరమ్మ. కోపం సంగతి అడగకండి, ప్రయత్నంలో ఉన్నాను. మునిరత్నం మొక్కు మాత్రం వాడే పొర్లి తీర్చుకోవాలని సుజాత తీర్పు చెప్పింది.

రోజూ పొద్దున ఇంటి ముందు రోడ్డు మీద నడుస్తున్నాను. డ్యూటీ రోజుల్లో ఇంకా తొందరగా లేచి నడుస్తాను. అమ్మ అరుగు మీద కూర్చుని, సంగటి గిన్నె ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తూ ఉంటుంది. మలుపు దాకా పోయి వచ్చేసరికి ఆమె గిన్నె ఖాళీ కావాలి, అది మా మధ్య ఒప్పందం. మొన్న బస్సుకు వేళవుతోందని కాస్త జోరుగా అడుగులు వేశాను. నన్ను కొండెక్కిస్తానని దేవుడికి మాటిచ్చిన మనిషి, గిన్నె పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి నిలబడి, వీధంతా వినపడేలా అరిచింది.

"మెల్లిగా నడువురా! స్వామి యాడికీ పోడు!"